తెల్ల డాఫొడిల్స్: దుంప నాటడం నుంచి రెండో ఏటి పువ్వు దాకా (నా అనుభవం)

దుంప కొని నాటిన మొదటి ఏడు డాఫొడిల్ పూసిందంటే అందులో మన గొప్ప పెద్దగా లేదు. దుంప మన చేతికి వచ్చేసరికే ఆ మొగ్గ లోపల తయారై ఉంటుంది. అనుమానముంటే ఒక దుంపను పదునైన కత్తితో నిలువుగా కోసి చూడండి. ఉల్లిపొరల్లాంటి పొరల నడుమ పాలిపోయిన చిన్న మొగ్గ కనిపిస్తుంది. కిందటి వసంతంలో దాన్ని పెంచినవాళ్లు ఆకుల్ని ఎన్నాళ్లు పచ్చగా నిలిపారో, దానికి తగ్గట్టే ఈ ఏటి పువ్వు. మనం చేసేది ఆ మొగ్గకు చలి, నీళ్లు, వెలుతురు అందించడమే. రెండో ఏడు, మూడో ఏడు పూసేవి మాత్రం మనవి. అందుకే నాటడం గురించి ఎంత రాస్తానో, పువ్వు రాలాక చేయాల్సిన పని గురించి కూడా అంతే రాస్తాను. చాలామంది దగ్గర తెల్ల డాఫొడిల్ ఒక్క ఏటి ముచ్చటగా మిగిలిపోయేది ఆ దశలోనే.

రకం ఎంచుకోవడం

పాకెట్ మీద బొమ్మ తెల్లగా ఉన్నంత మాత్రాన పువ్వు తెల్లగా ఉంటుందని నమ్మకూడదు. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ డాఫొడిల్స్‌ను 13 విభాగాలుగా విడదీసింది. మంచి కేటలాగ్‌లో రకం పేరు పక్కన విభాగం అంకె, దాని వెంట రంగుల అక్షరాలు ఉంటాయి. అడ్డగీతకు ముందు అక్షరం చుట్టూ ఉండే ఆరు రేకుల రంగు. తర్వాతది మధ్యలో ఉండే గిన్నె లేదా బూర రంగు. 'డబ్ల్యూ-డబ్ల్యూ' అని ఉంటే రేకులూ బూరా రెండూ తెలుపే. 'డబ్ల్యూ-వై' అని ఉంటే రేకులు తెలుపు, మధ్యలో పసుపు. పూర్తి తెలుపు కావాలనుకునేవాళ్లు కొనేముందు చూడాల్సింది ఈ రెండక్షరాలనే.

నా తోటలో ఎక్కువగా నిలిచినవి మూడు. 'మౌంట్ హుడ్' మొదటి విభాగం, పెద్ద బూర పువ్వు, ఒక కాడకు ఒకటే పూస్తుంది. 'తాలియా' 5వ విభాగం, కాడకు రెండు మూడు పువ్వులు, తలలు కొద్దిగా వంచుకుని ఉంటాయి, మెత్తని వాసన. 'ఐస్ ఫాలీస్' రెండో విభాగం, వెడల్పాటి గిన్నె, ఏటేటా దుంపలు విపరీతంగా పెడుతుంది. 'పొయెటికస్' జాతి పువ్వుల రేకులు మంచులా తెల్లగా ఉంటాయి కానీ మధ్యలో చిన్న పసుపు గిన్నె, దానికి ఎర్రంచు ఉంటుంది. అన్నిటికన్నా ఆలస్యంగా పూసేవి ఇవే, నేల కాస్త తేమగా ఉన్నా ఓర్చుకునేవీ ఇవే.

ఇక్కడ ఒక మాట. 'మౌంట్ హుడ్' మొగ్గ విచ్చినప్పుడు బూర లేత పసుపుగానే ఉంటుంది. మూడు నాలుగు రోజుల్లో వెన్నరంగుకు, ఆ తర్వాత తెలుపుకు తిరుగుతుంది. 'ఐస్ ఫాలీస్' గిన్నె కూడా నిమ్మపసుపుగా విచ్చుకుని మెల్లగా పాలిపోతుంది. మొదటిరోజే చూసి, వేరే రకం అంటగట్టారని గొడవపడేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారు. వారం ఆగండి.

చలికాలం పెద్దగా ఉండని ప్రాంతాల వాళ్లకు 'పేపర్‌వైట్' అనే జాతి వేరే ఉంది. మధ్యధరా తీరం నుంచి వచ్చింది, దీనికి చలి అక్కర్లేదు. ఒక్కో కాడకు చిన్న చిన్న తెల్ల పువ్వులు గుత్తిగా వస్తాయి. దీని సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే పెంచే పద్ధతే వేరు.

దుంప చూసి కొనడం

దుంప పరిమాణాన్ని చుట్టుకొలతలో చెప్తారు: 12-14 సెంటీమీటర్లు, 14-16 సెంటీమీటర్లు, ఇలా. పెద్ద బూర రకాలకు 14 కన్నా తక్కువ తీసుకోను. 'తాలియా' లాంటి వాటి దుంపలు సహజంగానే చిన్నవి, వాటికి 12 చాలు. రెండు మొనలున్న దుంప దొరికితే మేలు, రెండు కాడలు వస్తాయి. చవగ్గా వస్తున్నాయని చిన్న దుంపలు సంచీ నిండా కొంటే మొదటి ఏడు ఆకులే చూసుకోవాలి. ఒక్క ఆకు మాత్రమే తీసిన దుంప ఆ ఏడు పూయదని అనుకోవచ్చు.

చేతిలోకి తీసుకుంటే బరువుగా, గట్టిగా ఉండాలి. అన్నిటికన్నా ముఖ్యం అడుగుభాగం. వేళ్లు పుట్టే ఆ గట్టి బిళ్ళను బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా దిగబడినా, చుట్టూ చాక్లెట్ రంగు మచ్చ ఉన్నా, పొరల మధ్య తెలుపు-గులాబీ బూజు కనబడినా తీసుకోవద్దు. అది ఫ్యూజేరియం అనే శిలీంద్రం వల్ల వచ్చే అడుగుకుళ్లు. ఒక్క దుంపతో వచ్చి మడి అంతా పాకుతుంది, నేలలో ఏళ్లతరబడి ఉండిపోతుంది. పైపొర ఊడిపోయి ఉన్నా, పైన నీలిపచ్చ బూజు పొడిగా అంటుకుని ఉన్నా మాత్రం భయం లేదు. గుడ్డతో తుడిచి నాటేయొచ్చు.

దుంపలు ముట్టుకునేటప్పుడు చేతి తొడుగులు వేసుకోండి. ఈ మొక్క రసంలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి, చర్మం దురద పెడుతుంది, ఎర్రగా దద్దుర్లు తేలతాయి. పువ్వుల తోటల్లో రోజంతా కాడలు కోసేవాళ్లకు ఇది మామూలు బాధ. దుంపలో లైకోరిన్ అనే విషపదార్థం కూడా ఉంది. చూడ్డానికి అచ్చం ఉల్లిగడ్డలా ఉంటుంది కాబట్టి వంటింటి దరిదాపుల్లో పెట్టకూడదు, పెట్టె మీద పెద్దక్షరాలతో పేరు రాయాలి. కుక్కలు, పిల్లులు కొరికినా ప్రమాదమే. దీనివల్ల ఒక లాభమూ ఉంది: ఎలుకలు, ఉడుతలు తులిప్ దుంపల్ని తవ్వి తింటాయి గానీ డాఫొడిల్ జోలికి రావు.

చలి లెక్క

వేసవిలో దుంప లోపల పువ్వు తయారవుతుంది. ఆ పువ్వును మోసే కాడ సాగాలంటే మాత్రం తర్వాత కొన్ని వారాలు చలి తగలాలి. చలి చాలకపోతే ఏమవుతుందంటే, కాడ పొట్టిగా ఆగిపోయి పువ్వు ఆకుల మధ్యే విచ్చుకుంటుంది, లేదా మొగ్గ కాగితంలా ఎండిపోతుంది. 'మౌంట్ హుడ్', 'ఐస్ ఫాలీస్' లాంటి వాటికి 4 నుంచి 9 డిగ్రీల సెల్సియస్ మధ్య 12 నుంచి 16 వారాలు కావాలి. చలికాలం ఉన్న చోట నేలే ఈ పని చేసిపెడుతుంది. లేని చోట ఫ్రిజ్ చేయాలి.

ఫ్రిజ్‌లో పొడి దుంపల్ని కాగితం సంచిలో పెట్టొచ్చు. అయితే కుండీలో నాటి, తడిపి, కుండీనే చల్లగా ఉంచితే ఫలితం చాలా నయం. ఎందుకంటే డాఫొడిల్ వేళ్లు చలిలోనే పెరుగుతాయి. వేళ్లు దిగిన దుంప బయటికి తెచ్చాక నిలదొక్కుకుంటుంది, పొడిగా చల్లబడిన దుంప వేళ్లూ కాడా ఒకేసారి తీయాల్సి వచ్చి తబ్బిబ్బవుతుంది. గడ్డకట్టే అరకు దూరంగా, 4-7 డిగ్రీలు ఉండే చోట పెట్టండి. రెండు వారాలకోసారి మట్టి తడి చూడాలి, ఎండనివ్వకూడదు, నానబెట్టకూడదు.

ఆ ఫ్రిజ్‌లో పండ్లు ఉండకూడదు. పండుతున్న ఆపిల్, అరటి, బేరిపండు లాంటివి ఎథిలీన్ వాయువు వదులుతాయి. అది లోపలున్న మొగ్గను చంపేస్తుంది. ఆకులు బ్రహ్మాండంగా వస్తాయి, పువ్వు మాత్రం రాదు, కారణం అంతుపట్టదు. ఫ్రిజ్ పద్ధతిలో పువ్వు రాలేదన్నవాళ్లను నేను మొదట అడిగే ప్రశ్న పండ్ల గురించే.

లెక్క వెనక నుంచి వేసుకోవాలి. ఫిబ్రవరి మొదట్లో పూయాలంటే బయట 3 వారాలు, చలిలో 14 వారాలు, మొత్తం 17. అంటే అక్టోబరు మొదటి వారంలో కుండీ లోపలికి వెళ్లాలి. సమయమైందా లేదా అని తెలుసుకోవడానికి క్యాలెండర్‌తో పాటు కుండీ కూడా చూడండి. అడుగు రంధ్రాల్లోంచి తెల్లని వేళ్లు కనబడాలి, పైన మొలక 3-5 సెంటీమీటర్లు ఉండాలి. బయటికి తెచ్చిన మొదటి వారం 10-13 డిగ్రీల దగ్గర, నేరుగా ఎండ తగలని చోట ఉంచి, తర్వాత 15-18 డిగ్రీల వెలుతురులోకి మార్చాలి. తొందరపడి ఒకేసారి వేడిగదిలోకి తెస్తే ఆకులు కాడను మించి పెరిగిపోతాయి.

నేల, నాటడం

నేల చల్లబడ్డాక నాటాలి, 15 డిగ్రీల లోపు ఉంటే మంచిది. ఉత్తరార్ధగోళంలో ఇది సెప్టెంబరు-నవంబరు మధ్య వస్తుంది, దక్షిణాన మార్చి-మే మధ్య. వెచ్చటి నేలలో తొందరపడి పెట్టిన దుంపకు అడుగుకుళ్లు పట్టే అవకాశం ఎక్కువ, ఆ శిలీంద్రానికి వెచ్చదనమే బలం. అలాగని మరీ ఆలస్యం చేస్తే వేళ్లు దిగడానికి సమయం చాలదు.

రోజుకు 6 గంటల ఎండ కావాలి. ఆకురాల్చే చెట్ల కింద పెట్టొచ్చు, ఎందుకంటే చెట్టు చిగురించి నీడ పట్టేలోపు డాఫొడిల్ తన పని చాలావరకు ముగించుకుంటుంది. తెల్ల రకాలకు మధ్యాహ్నం నుంచి కాస్త నీడ పడితే ఇంకా మంచిది. తెల్ల రేకు మీద ఎండదెబ్బ గోధుమరంగు మరకలా కొట్టొచ్చినట్టు కనబడుతుంది, పసుపు పువ్వులో అది దాగిపోతుంది. పువ్వు తల ఎండ వైపు తిరుగుతుందన్నది కూడా గుర్తుంచుకోండి. ఉత్తరార్ధగోళంలో దక్షిణ ముఖంగా తిరుగుతుంది. మీరు నిలబడి చూసే చోటు మడికి దక్షిణాన ఉండేలా చూసుకుంటే పువ్వుల వీపులు కాకుండా ముఖాలు కనబడతాయి.

నీరు నిలవడం దీనికి గిట్టదు. 30 సెంటీమీటర్ల గొయ్యి తీసి నీళ్లు నింపండి, ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి గంటకు కనీసం 2-3 సెంటీమీటర్లు దిగాలి. దిగకపోతే ఆ మడిని 15-20 సెంటీమీటర్లు ఎత్తు చేయాల్సిందే. ప్రతి దుంప కింద గుప్పెడు ఇసుక వేయమని చెప్పేవాళ్లున్నారు. బంకమట్టిలో అది ఒక్కో దుంప కింద ఒక్కో చిన్న నీటిగుంట తవ్వినట్టే, నేను వేయను. ఎత్తు చేసిన మట్టి మొత్తంలో బాగా మాగిన ఆకు కంపోస్టు మూడోవంతు కలిపితే చాలు. పచ్చిపేడ, సగం మాగిన పశువుల ఎరువు దుంపకు తగలకూడదు. నేల కొద్దిగా ఆమ్లంగా, పీహెచ్ 6 నుంచి 7 మధ్య ఉంటే సరిపోతుంది.

లోతు విషయంలో కొలత దుంప ఎత్తే. దుంప 5 సెంటీమీటర్ల ఎత్తుంటే గొయ్యి 15 సెంటీమీటర్లు, అంటే దుంప మొన మీద 10 సెంటీమీటర్ల మట్టి. ఇసుక నేలలో ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు కిందికి. పైపైన నాటితే రెండు నష్టాలు: పై మట్టి త్వరగా వేడెక్కి ఎండుతుంది, దుంప పూయడం మానేసి చిన్న చిన్న పిల్లలుగా చీలిపోతుంది. రెండేళ్లకే గడ్డిలాంటి సన్నటి ఆకుల గుంపు మిగులుతుంది. దూరం 10-15 సెంటీమీటర్లు. వరుసలో సైనికుల్లా పెట్టకండి. ఆరేడు దుంపలు ఒక గుంపుగా, అడ్డదిడ్డంగా పెడితే పూసినప్పుడు అందం.

మొన పైకి, బిళ్ళ కిందికి. ఏది పైనో తెలియకపోతే అడ్డంగా పడుకోబెట్టండి, మొలక తనే దారి వెతుక్కుంటుంది. గొయ్యి అడుగు చదునుగా ఉండాలి. మొనదేలిన కర్రతో గుచ్చిన రంధ్రంలో దుంప మధ్యలో ఇరుక్కుని కింద ఖాళీ మిగులుతుంది, వేళ్లకు మట్టి అందదు. మట్టి కప్పాక ఒకసారి నిండుగా నీళ్లు పెట్టి, పైన 5 సెంటీమీటర్లు ఎండాకులు పరుస్తాను. ఈ పరుపు చలికోసం అనుకుంటారు గానీ తెల్ల పువ్వులకు దాని అసలు ఉపయోగం వేరు: వాన చినుకులకు చిందే మట్టి రేకుల మీద పడదు.

ఎముకల పొడి వేయాలా? నేల మరీ నిస్సారంగా ఉంటే తప్ప అవసరం రాలేదు. పైగా ఆ వాసనకు కుక్కలు మడి మొత్తం తవ్వేస్తాయి, తవ్వినవి విషపు దుంపలు.

కుండీలో అయితే 20 సెంటీమీటర్ల వెడల్పుకు 5 లేదా 6 దుంపలు, ఒకదానికొకటి, కుండీ గోడకూ తగలకుండా. కుండీ లోతు కనీసం 25 సెంటీమీటర్లు. రెండు పాళ్ల కుండీమట్టికి ఒక పాలు పెర్లైట్ (తేలికైన తెల్ల రాతి గుళికలు) లేదా ముతక ఇసుక. ఒక్క ఏటికే అయితే మొనలు పైకి కనబడేలా పెట్టినా పరవాలేదు. ఏళ్ల తరబడి ఉంచాలంటే నేలలో నాటినంత లోతు ఇక్కడా కావాలి.

మొలక నుంచి పువ్వు దాకా

వేళ్లు దిగే కాలంలో పైన ఏమీ కనబడదు, అప్పుడే నీళ్లు మరిచిపోతాం. వాన లేకపోతే వారానికి 2-3 సెంటీమీటర్ల నీరు అందాలి. మొలక వచ్చాక, మొగ్గ లేచేటప్పుడు తడి ఇంకా ముఖ్యం. మొగ్గ దశలో నేల ఎండితే, లేదా ఉన్నట్టుండి ఎండ ముదిరితే మొగ్గ పొర లోపలే గోధుమరంగుకు తిరిగి ఎండిపోతుంది. ముద్దపువ్వుల తెల్ల రకాల్లో ఇది మరీ ఎక్కువ. వాటి మొగ్గ నిండా రేకులే, విచ్చుకోవడానికి ఎక్కువ నీరు, ఎక్కువ రోజులు కావాలి. ఆలస్యంగా పూస్తాయి కాబట్టి ఎండలూ అప్పటికే వచ్చేస్తాయి. వెచ్చటి ప్రాంతాల్లో ముద్దపువ్వుల తెల్ల డాఫొడిల్ జోలికి పోవద్దనే నా సలహా.

మంచు పడిన ఉదయం కాడలు నేలకు వాలిపోయి కనబడితే కంగారుపడొద్దు. ముట్టుకోకుండా వదిలేస్తే మధ్యాహ్నానికి వాటంతటవే లేస్తాయి. లేపడానికి పుల్లలు గుచ్చితే కాడలు విరుగుతాయి.

ఇంట్లో పెట్టుకోవడానికి కోయాలనుకుంటే మొగ్గ పక్కకు వంగి, రంగు కనబడుతూ, ఇంకా విచ్చుకోని దశలో కోయాలి. ఉదయం పూట కాడ మొదట్లో పట్టుకుని తుంచితే చాలు, ఆకులు కోయకండి. తుంచిన చోట కారే జిగురు మిగతా పువ్వుల్ని వాడిపోయేలా చేస్తుంది, ముఖ్యంగా తులిప్‌లను, గులాబీలను. అందుకే డాఫొడిల్స్‌ను ముందు 12 గంటలు విడిగా నీళ్లలో ఉంచి, ఆ నీళ్లు పారబోసి, కాడ చివర మళ్లీ కోయకుండా మిగతావాటితో కలపాలి. మళ్లీ కోస్తే జిగురు మళ్లీ కారుతుంది.

పువ్వు రాలాక: అసలు పని

పువ్వు వాడగానే దాని కింద ఉబ్బిన కాయను తుంచేయండి. గింజ తయారీకి పోయే సత్తువ దుంపకు మిగులుతుంది. ఆకుపచ్చ కాడను మాత్రం వదిలేయండి, అది కూడా ఆకులాగే పనిచేస్తుంది.

ఆ తర్వాత కనీసం 6 వారాలు ఆకుల్ని ముట్టుకోకూడదు. బూర రకాల్లో వచ్చే ఏటి పువ్వు దుంపలో రూపుదిద్దుకోవడం ఈ ఆకులు ఇంకా బతికున్నప్పుడే మొదలవుతుంది. వాలిపోయిన ఆకులు చూడ్డానికి బాగుండవు, నిజమే. కొందరు వాటిని జడలా అల్లేస్తారు, ముడివేసి రబ్బరుబ్యాండు వేస్తారు. అల్లిన ఆకుకు వెలుతురు తగలదు, మడిచిన చోట రసం ఆగిపోతుంది. కత్తిరించినంత నష్టమూ దానివల్ల వస్తుంది. ఆకులు కనబడకూడదంటే ముందే ఉపాయం చేసుకోవాలి: వేసవి దాకా మెల్లగా పెరిగే గుబురు మొక్కల వెనక దుంపలు నాటితే, అవి పెరిగేకొద్దీ ఈ ఆకులు వాటి చాటున పడతాయి.

ఎరువు ముఖ్యంగా ఈ 6 వారాల్లోనే. నత్రజని తక్కువ, పొటాష్ ఎక్కువ ఉండాలి. నేను చదరపు మీటరుకు 20 గ్రాములకు మించకుండా పొటాష్ సల్ఫేట్ మొలక కనబడ్డప్పుడు ఒకసారి చల్లి, పువ్వు అయిపోయాక టమాటా మొక్కలకు వాడే ద్రవ ఎరువును 10-14 రోజులకోసారి ఆకులు పసుపెక్కేదాకా పోస్తాను. యూరియా లాంటివి వేస్తే ఆకులు ఏపుగా వస్తాయి, దుంప మెత్తబడి కుళ్లుకు లొంగిపోతుంది. నీళ్లు పువ్వు రాలాక మరో మూడు వారాలు మామూలుగా పెట్టి, క్రమంగా తగ్గించి ఆపేయాలి. నిద్రపోయే దుంపకు వేసవిలో నీళ్లు పోస్తే వెచ్చదనం, తడి కలిసి అడుగుకుళ్లుకు పిలిచి పీట వేసినట్టే. పక్కన రోజూ నీళ్లు కావలసిన మొక్కలు పెట్టకపోవడానికి కారణం ఇదే.

దుంపను చంపేవి

ఆకులు వాడే రోజుల్లో మడి మీద తిరిగే ఒక ఈగ ఉంది, చిన్న తుమ్మెదలా బొచ్చుతో ఉంటుంది. దీన్ని పెద్ద నార్సిసస్ ఈగ అంటారు (నార్సిసస్ అంటే డాఫొడిల్ శాస్త్రీయ నామం). ఆకుల మొదట్లో గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు నేలలోకి దిగి, అడుగు బిళ్ళ దగ్గర తొలుచుకుంటూ లోపలికి పోయి, దుంప నడిబొడ్డు తినేస్తుంది. సాధారణంగా దుంపకు ఒకే పురుగు ఉంటుంది, ఆ ఒక్కటే చాలు. మరుసటి ఏడు సన్నని ఆకులు నాలుగు వస్తాయి, లేదా ఏమీ రావు. తవ్వి పిండితే దుంప మెత్తగా నొక్కుకుపోతుంది. ఆకులు వాడినప్పుడు నేలలో మిగిలే బొరియలను మట్టి కెలికి మూసేయడం, ఆ కొద్ది వారాలు మడి మీద సన్నని వల కప్పడం బాగా పనిచేస్తాయి.

ఆకుల మీద పసుపు చారలు నిలువుగా కనబడితే వైరస్. పేనుబంక ద్వారా పాకుతుంది, మందు లేదు. ఆ మొక్కను దుంపతో సహా తీసి తోట బయట పారేయాలి, కంపోస్టు గుంటలో వేయకూడదు. తెల్ల రకాల్లో పువ్వు మీద చారలు సరిగా కనబడవు కాబట్టి ఆకుల్నే చూడాలి, అదీ మొలకలు లేతగా ఉన్నప్పుడు.

ఆకులు వంకరపోయి, వాటి మీద చేతికి తగిలే చిన్న బుడిపెలుండి, అడ్డంగా కోసిన దుంపలో గోధుమరంగు వలయాలు కనబడితే నులిపురుగులు చేరినట్టు. గత శతాబ్దం మొదట్లో బ్రిటన్‌లో ఇవి డాఫొడిల్ సాగునే దెబ్బతీశాయి. అక్కడి వృక్షశాస్త్రవేత్త జేమ్స్ కిర్‌ఖామ్ రామ్స్‌బాటమ్ దుంపల్ని సుమారు 43 డిగ్రీల నీళ్లలో 3-4 గంటలు ఉంచి వాటిని చంపే పద్ధతిని 1917 నాటికి నిరూపించాడు. వాణిజ్యంగా పెంచేవాళ్లకు ఈనాటికీ వేడినీళ్ల పద్ధతే ఆధారం. ఇంట్లో దీన్ని ప్రయత్నించొద్దు. ఒకటి రెండు డిగ్రీలు తగ్గితే పురుగు బతుకుతుంది, పెరిగితే మొగ్గ చస్తుంది, మూడు గంటలు ఆ వేడి నిలపడం గిన్నెతో అయ్యే పని కాదు. పది దుంపలు పారేయడం నయం.

పేపర్‌వైట్ సంగతి

దీనికి చలి అక్కర్లేదన్నాను కదా, మట్టి కూడా అక్కర్లేదు. వెడల్పాటి గాజుగిన్నెలో 5-7 సెంటీమీటర్లు గులకరాళ్లు పోసి, దుంపల్ని పక్కపక్కన కుదురుగా నిలబెట్టి, నీళ్లు దుంప అడుగును అంటీ అంటనట్టు ఉండేలా పోయాలి. దుంప సగం మునిగితే కుళ్లుతుంది. ఒక వారం పదిరోజులు చల్లగా, వెలుతురు తక్కువ ఉన్న చోట ఉంచితే వేళ్లు రాళ్లను పట్టుకుంటాయి, తర్వాత వెలుతురులోకి. 3 నుంచి 5 వారాల్లో పూస్తుంది.

దీనితో వచ్చే చిక్కు, కాడలు పొడుగ్గా సాగి ఒరిగిపోవడం. గది వేడెక్కిన కొద్దీ అది ఎక్కువ. 15-18 డిగ్రీలు దాటకుండా చూసుకోవడం మొదటి మందు. రెండోది వింటే నవ్వొస్తుంది: ఆల్కహాల్. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం పూలదుంపల పరిశోధకులు 4-6 శాతం ఆల్కహాల్ కలిపిన నీళ్లతో మొక్క ఎత్తు మూడోవంతు దాకా తగ్గుతుందని, పువ్వు పరిమాణం తగ్గదని చూపించారు. మొలక 3-5 సెంటీమీటర్లు అయ్యేదాకా మామూలు నీళ్లే. అప్పుడు పారబోసి, 40 శాతం మద్యం ఒక పాలు, నీళ్లు ఏడు పాళ్లు కలిపి పోయాలి. బీరు, వైన్ పనికిరావు, వాటిలోని చక్కెర వేళ్లను పాడుచేస్తుంది. ఉత్సాహంకొద్దీ మోతాదు పెంచితే మొక్క ఎదగడం మానేస్తుంది, ఇంకా పెంచితే చస్తుంది.

వాసన అందరికీ నచ్చదు. ఈ పువ్వులో ఇండోల్ అనే పదార్థం ఉంటుంది, కొందరికి అది పరిమళం, కొందరికి తలనొప్పి. మూసిన పడకగదిలో పెట్టకండి. రాళ్లలో పూసిన దుంప ఉన్న సత్తువంతా ఖర్చు చేసేస్తుంది, దాన్ని మళ్లీ పూయించాలని శ్రమపడటం దండగ. నేలలో నాటినవి మాత్రం, వేసవి పొడిగా, వేడిగా ఉండే చోట ఏటేటా పూస్తాయి. ఈ గుత్తిపువ్వుల జాతికి లోపల మొగ్గ కట్టడానికి ఆ వేసవి వేడే కావాలి.

తవ్వి తీయడం, విడదీయడం

నాలుగైదేళ్లకోసారి గుంపు ఇరుకైపోతుంది. ఆకులు దట్టంగా వచ్చి పువ్వులు తగ్గడమే గుర్తు. ఆకులు పసుపెక్కి, ఇంకా పూర్తిగా మాయం కాని రోజుల్లో తవ్వాలి, మాయమయ్యాక వెతుక్కుంటే గునపం దుంపకే తగులుతుంది. గుంపుకు 15 సెంటీమీటర్ల దూరం నుంచి తవ్వి మొత్తం లేపండి. తేలిగ్గా విడివడే పిల్లదుంపల్నే తీయాలి. అడుగు బిళ్ళ కలిసే ఉన్నవాటిని బలవంతంగా విరిస్తే ఆ గాయంలోంచే కుళ్లు మొదలవుతుంది. మట్టి దులిపి నీడలో, గాలి తగిలేచోట ఒకే వరుసగా పరిచి వారం ఆరబెట్టండి. నీళ్లతో కడగొద్దు. తర్వాత వలసంచిలో వేసి 18-25 డిగ్రీల మధ్య గాలాడే చోట వేలాడదీయాలి. ప్లాస్టిక్ సంచిలో మూసిపెట్టిన దుంపలు నెలకే చెమ్మపట్టి బూజెక్కుతాయి.

రెండు వారాలకోసారి సంచి తడిమి మెత్తబడినవి ఏరేయండి, వాటి వాసన పుల్లగా ఉంటుంది, ముక్కుకే తెలిసిపోతుంది. తిరిగి నాటేటప్పుడు పెద్దవి పూలమడికి. వేలెడంత పిల్లదుంపలు విడిగా ఒక మూలకు, 8 సెంటీమీటర్ల లోతున, వరుసగా. అవి పూతకు రావడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఈలోగా వాటి ఆకులు అచ్చం గడ్డిలా ఉంటాయి కాబట్టి, కలుపు తీసేవాళ్లకు కనబడేలా రకం పేరు, నాటిన ఏడు రాసిన చీటీ అక్కడ గుచ్చి ఉంచండి.